ఫారంలో లేని శ్రీరంగప్ప

ఫుట్‌బాల్ ఆడాలంటే బంతి కావాలన్నది ఎవరో పనిలేనివాడు పుట్టించిన మాట. గ్రౌండు కూడా అక్కర్లేదు. ఒక బల్ల, రెండు లోటాల కాఫీ, అరవడానికి కాస్త గొంతు ఉంటే చాలు. నమ్మకం కుదరకపోతే హోసూరు బస్టాండు ఎదురుగా ఉన్న నాగేశప్ప హోటలుకు ఒక్కసారి దయచేయండి. దయచేయకపోతే మరీ మంచిది, ఎందుకంటే అక్కడ కూర్చోవడానికి చోటుండదు.

అసలు ఆటగాళ్ల వల్ల ఈ దేశానికి ఒరిగిందేమిటి? ఎండలో పరిగెత్తుతారు, మోకాళ్లు చెక్కుకుంటారు, చివరికి ఓడిపోయి తల వంచుకుని ఇంటికి వస్తారు. అదే ఆట గురించి మాట్లాడేవాళ్లను చూడండి! చెమట పట్టదు, కాలు బెణకదు, ఓటమి అన్నమాటే లేదు. పైగా హోటలు వ్యాపారం వృద్ధిలోకి వస్తుంది. ఇంతటి దేశసేవ చేస్తున్నవాళ్లను పట్టుకుని ఊసుపోని మనుషులు అనేవాళ్ల నోళ్లు పడిపోవాలి.

ఆ దేశసేవకుల్లో మొదటి వరుసలో కూర్చునేవాడు హనుమంతయ్య. బజారు వీధిలో ఆయనకు ఇనుప సామాన్ల అంగడి ఉంది. మేకులు, బకెట్లు, కంచెకు కట్టే వల అమ్ముతాడు. అంగడి తెరిచి దీపం పెట్టి, పనివాళ్లకు అప్పజెప్పి, నేరుగా హోటలుకు వచ్చి గోడ పక్క బల్ల ఎక్కుతాడు. ఆయన ఎదుట వాసుదేవ. ఫ్యాక్టరీలో లేత్ మీద పని, మత్తిగిరిలో కాపురం, షిఫ్టు లేని వేళంతా ఇక్కడే నివాసం.

వీళ్లిద్దరి మధ్య నలుగుతున్న వస్తువు పేరు శ్రీరంగప్ప.

శ్రీరంగప్ప మా ఊరి ఫుట్‌బాల్ టీముకు సెంటర్ ఫార్వర్డు. అత్తిముగంలో గొర్రెలు మేపే ఇంట పుట్టి, బాగలూరు రోడ్డులోని కోళ్ల ఫారంలో పనికి కుదిరి, సాయంత్రాలు బంతి తన్నేవాడు. పంతొమ్మిది వందల ఎనభై మూడులో ఉన్నట్టుండి వరసగా మూడు మ్యాచులు ఒక్క గోలూ కొట్టలేదు. అది చాలదన్నట్టు, బెంగుళూరులో ఒక కంపెనీ టీము ఆయన్ని ఉద్యోగమిచ్చి తీసుకుపోతుందని పుకారు లేచింది. ఇక చెప్పేదేముంది? హోటల్లో చెక్కర డబ్బా వారం తిరక్కముందే ఖాళీ!

ఇంగ్లీషు పేపర్లు చదివేవాళ్లు ఆటగాడి జోరును ఏమంటారో గాని, మా హోటల్లో దానికి పేరు ఊపు. శ్రీరంగప్ప ఊపు తగ్గిందని, ఆ కంపెనీ ఏమిచ్చినా చాలని బెంగుళూరుకు తోలేయాలని వాసుదేవ వాదం. ఊపు తగ్గలేదు, అలిసింది, ఊరు వదలనివ్వకూడదని హనుమంతయ్య వాదం.

ఊపు తగ్గడానికి కారణాలు ఎన్ని కనిపెట్టారనుకున్నారు! పెళ్లయినాక రాగిసంకటి మాని అన్నంలో పడ్డాడని ఒకరు. కాపురమున్న ఇంటి వాకిలి దక్షిణానికి ఉందని ఇంకొకరు. భార్య పేరు మునివెంకటమ్మ అని, ఆ పేరు రోజుకు పది మార్లు పూర్తిగా పిలిస్తే ఎంతటి ఆటగాడికైనా దమ్ము మిగలదని వాసుదేవ స్వయంగా పరిశోధించి తేల్చాడు. ఇటువంటి వైద్యం పెద్దాసుపత్రిలో మాత్రం దొరుకుతుందా?

చర్చ వల్ల వ్యాపారం చెడుతుందంటారు. పచ్చి అబద్ధం. హనుమంతయ్య అంగట్లో మేకులు కావాలంటే ముందు అభిప్రాయం చెప్పాలి. శ్రీరంగప్ప ఉండాలన్నవాడికి నిటారు మేకులు, పోవాలన్నవాడికి వంకర మేకులు. ఒకనాడు కృష్ణగిరి బస్సు కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకుని హోటలు మెట్ల మీద నిలబడి, శ్రీరంగప్ప ఎడమ కాలు గొప్పదా కుడి కాలు గొప్పదా అన్నది తేలేదాకా ఊదలేదు. బస్సులో జనం గొడవ పెట్టలేదా అంటారేమో. ఎందుకు పెట్టలేదు! ఈ పక్క సీట్లు ఎడమ కాలికి, ఆ పక్క సీట్లు కుడి కాలికి.

హనుమంతయ్య ఇంట్లో భార్య జ్ఞానాంబ ఒక్కతే ఆయన ప్రతిభను గుర్తించలేదు. "ఊరి వాళ్ల కాళ్ల సంగతి తరవాత చూద్దురు గాని, మన పెరట్లో కొళాయి ఊపు తగ్గకుండా కారతా ఉంది. దాన్ని యాడికన్నా ట్రాన్స్‌ఫర్ చేసేస్తారా?" అందామె. ఆడవాళ్లకు ఆటలు అర్థం కావని హనుమంతయ్య జాలిపడి కాఫీకి బయలుదేరాడు.

ఆ ఉదయమే బెంగుళూరు మనిషి దిగాడు. కంపెనీ టీము మేనేజరు. తెల్ల ప్యాంటు, చంకలో తోలు సంచి. వాసుదేవ షిఫ్టులో ఉన్నాడు కనక బల్ల మీద హనుమంతయ్య ఒక్కడే ఉన్నాడు. మేనేజరు కాఫీ చెప్పి, కన్నడం కలిసిన తెలుగులో అడిగాడు.

"శ్రీరంగప్ప మీ ఊరు ఫార్వర్డే అల్లవా? ఇప్పుడు ఫారంలో ఉన్నాడా?"

ఇక్కడ పాఠకులు కాస్త ఆగాలి. శ్రీరంగప్ప ఫారంలో లేడు. సాయంత్రం ప్రాక్టీసుకు పోతే కోళ్లకు మేత ఎవరు వేస్తారని ఓనరు నిలదీస్తే, బంతినే ఎంచుకుని పని వదిలేశాడు. అప్పట్నుంచి కూలికి పోతున్నాడు. ఫారానికి కంచె వల అమ్మేది తానే కాబట్టి హనుమంతయ్యకు ఈ సంగతి తెలుసు. ఏళ్ల తరబడి అభిప్రాయాలు తప్ప మరోటి పలకని నోటితో ఆయన మొదటిసారి ఒక నిజం పలికాడు.

"లేడు సార్. ఫారం పోయి నెల దాటింది."

"అయ్యో! మళ్లీ వచ్చేదానికి లేదా?"

"యాడొస్తుంది సార్? ఓనరుకు ఒకటే కోపం. ఆ జాగాలో సూళగిరి సిద్దప్పను పెట్టుకున్నారు."

"సిద్దప్ప? పేరే వినలేదే. ఆయన ఫారంలో ఉన్నాడా?"

"అదేం మాట సార్! రాత్రీ పగలూ ఫారంలోనే. పండుకునేది కూడా ఆడనే."

మేనేజరు చేతిలో లోటా అలాగే నిలిచిపోయింది. ఆయన ఎందరో ఆటగాళ్లను చూశాడు గాని, నిద్రలో కూడా ఫారం చెడనివాణ్ణి చూడలేదు. ఆ సిద్దప్పను సాయంత్రం గ్రౌండుకు పంపమని చేతులు పట్టుకుని బతిమాలాడు. పెద్దమనిషి అంతగా అడిగితే కాదంటామా? హనుమంతయ్య ఫారానికి కబురు పంపాడు.

సిద్దప్ప గంపతో సహా వచ్చాడు. "ఎన్ని కోళ్లు కావల సార్?" అని అడిగాడు. మేనేజరు నవ్వి, బంతి ముందు పెట్టి తన్నమన్నాడు. సిద్దప్ప తన్నాడు. బంతి ఉన్నచోటే ఉంది, చెప్పు మాత్రం గోల్లో పడింది. సరే, పట్టు చూద్దామని బంతి పైకి విసిరితే, దాన్ని రెక్కలు దొరకబుచ్చుకుని పట్టడానికి చూశాడు. అప్పటికి మేనేజరుకు ఏ ఫారం గురించి మాట్లాడుకున్నారో తలకెక్కి, గడ్డిలో కూలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు.

నవ్వడం అయ్యాక అసలు మాట చెప్పాడు. ఆదివారం నాలుగింటికి కృష్ణగిరి టీముతో మ్యాచి ఉంది కదా, తానే వచ్చి శ్రీరంగప్ప ఆట చూస్తాడు. నచ్చితే ఆ సాయంత్రమే వ్యానులో ఎక్కించుకుపోతాడు. పర్మినెంటు ఉద్యోగం, క్వార్టర్సు. ఈ కబురు సిద్దప్ప శ్రీరంగప్పకూ చేరవేశాడు, హోటలుకూ చేరవేశాడు.

హోటల్లో హనుమంతయ్యకు సన్మానం ఒకటే తక్కువ. శ్రీరంగప్పను ఊళ్లో నిలపడానికి ఆయన వేసిన ఎత్తు చాణక్యుడికి కూడా తట్టేది కాదని తీర్మానించారు. హనుమంతయ్య కాదనలేదు. కాదంటే పెద్దల మాట తోసిపుచ్చినట్టవుతుంది.

శుక్రవారం నాడు చర్చ మంచి పాకంలో ఉండగా, మాసిన చొక్కా మనిషి ఒకడు వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. ఏదో చెప్పాలని రెండుమూడు మార్లు నోరు తెరిచాడు. హనుమంతయ్యకు విసుగొచ్చింది.

"ఉండప్పా, ఈడ ముఖ్యమైన విషయం మాట్లాడతా ఉండాము. నువ్వెప్పుడన్నా శ్రీరంగప్ప ఆట చూసినావా?"

"చూసేదానికి యాడ కుదురుతుందన్నా? ఆడేది నేనే కదా."

పెనం మీద దోసె మాడుతున్నా నాగేశప్ప తిప్పలేదు. ఇన్నేళ్లుగా కాలి వేళ్లతో సహా వర్ణించిన మనిషి ముఖం అక్కడ ఒక్కరికీ తెలియదు!

శ్రీరంగప్పకు కోపం రాలేదు. నేల చూస్తూ, ఒక్కొక్క మాటే కూడబలుక్కుని చెప్పాడు.

"నాకు బెంగుళూరు పోవాలని లేదన్నా. ఇంట్లోది కూడా వద్దంటా ఉంది. ఈ ఊరికే ఆడాలని ఉంది. అయితే గ్రౌండులో మేసే ఎద్దులు తప్ప మనిషనేవాడు ఉండడు. గోలు కొడితే ఎద్దు కూడా తలెత్తి చూడదు. ఎవరి కోసరం ఆడతా ఉండానో నాకే తెలీడం లేదు. ఆదివారం మీరు ఒకతూరి రండి. ఉండప్పా అని ఒక్క మాట అనండి. కూలి చేసుకునైనా ఈడనే ఉండిపోతాను."

హనుమంతయ్య సగం తాగిన కాఫీ పక్కన పెట్టేశాడు. నిజంగానే పెట్టేశాడు, ఇందులో వేళాకోళం లేదు. లేచి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"నేనొక్కణ్ణే కాదప్పా, హోటలంతా వస్తాము. నిన్ను ఈ ఊరు దాటనిస్తామా?"

శ్రీరంగప్ప ముఖం విచ్చుకుంది. ఆయనకు కాఫీ ఎవరూ చెప్పలేదు గాని, అది వేరే సంగతి. ఆనందంలో మరిచిపోయారు.

ఆదివారం వచ్చింది. హనుమంతయ్య చలువ పంచె కట్టాడు, ఎండకు గొడుగు తీసుకున్నాడు. "ఉండప్పా" అనే మాటను ఎట్లా అంటే బాగుంటుందో అద్దం ముందు అని చూసుకున్నాడు కూడా. జ్ఞానాంబ ఆశ్చర్యపోయి వాకిలి దాకా వచ్చి సాగనంపింది. మూడింటికే బయలుదేరాడు. గ్రౌండుకు దారి ఎటు అన్నది సిద్దప్పను అడిగి ముందే తెలుసుకున్నాడు.

ఆ దారిలో హోటలు ఉండటం ఆయన తప్పా?

"ఏం హనుమంతయ్యన్నా, గొడుగుతో బయలుదేరినావే?" మెట్ల మీద నుంచి వాసుదేవ కేకేశాడు. "శ్రీరంగప్ప ఊపు తగ్గిందని నీకే అనుమానం వచ్చినట్టుందే! లేకుంటే పోయి చూసుకునే అవసరం ఏముంది?"

ఎంత మాట! నమ్మకం ఉన్నవాడు చూడటానికి పోతాడా? పోతే నమ్మకం లేనట్టే కదా? వాదంలోని పట్టు హనుమంతయ్యను అక్కడికక్కడే పట్టేసింది. రెండు ముక్కలు చెప్పి పోదామని మెట్టెక్కాడు. మెట్టు మీద చెప్పిన ముక్క సరిపోక బల్ల దాకా వెళ్లాడు. గొడుగు ముడిచి మూలకు ఆనించాడు. కాఫీ వచ్చింది.

ఆ సాయంత్రం హనుమంతయ్య మాట్లాడినట్టు మా ఊళ్లో ఎవరూ మాట్లాడి ఉండరు. ఊపు అంటే ఏమిటి, ఊరు అంటే ఏమిటి, పుట్టిన నేలను వదిలినవాడి కాలు బంతి మీద ఎందుకు నిలవదు అన్నవి ఒక్కొక్కటే విప్పి చెప్పాడు. కండక్టర్లు వచ్చి నిలబడ్డారు. నాగేశప్ప గల్లా వదిలి వచ్చాడు. మధ్యలో నాలుగైంది, అయిదైంది. ఆరున్నరకు ఒక వ్యాను హారను కొట్టుకుంటూ బెంగుళూరు వైపు పోతే, ఆ చప్పుడుకు మాట చెడిందని హనుమంతయ్య విసుక్కుని మళ్లీ మొదట్నుంచి చెప్పాడు.

దీపాలు పెట్టేవేళకు వాసుదేవ రెండు చేతులూ పైకెత్తేశాడు. "నువ్వు చెప్పిందే నిజమన్నా. ఆయన్ను పోనీయకూడదు. నేనూ ఒప్పుకుంటా ఉండాను."

ఎన్నాళ్ల చర్చ! శ్రీరంగప్ప ఊళ్లోనే ఉండాలని నాగేశప్ప హోటలు ఏకగ్రీవంగా తీర్మానించింది. చప్పట్లకు లోటాలు అదిరాయి. ఈ శుభవార్త చెవిన వేసి రమ్మని నాగేశప్పను సైకిలెక్కించి శ్రీరంగప్ప ఇంటికి పంపారు. ఆయన తొందరగానే తిరిగొచ్చాడు.

"ఇంటికి బీగం వేసుంది. పక్కింటి కాళమ్మ చెప్పింది, మొగుడూ పెళ్లామూ వ్యానులో పోయినారంట. రెండు గోల్సు కొట్టినాడంట. ఆట అయిపోయినాక మేనేజరు ఎక్కప్పా ఎక్కప్పా అంటా ఉన్నా ఎక్కకుండా, రోడ్డుకల్లా చూస్తా శానాసేపు అట్లే నిలబడినాడంట. ఎవరో వస్తారని."

"ఎవరొస్తారని?" అన్నాడు వాసుదేవ.

మంచి ప్రశ్న. అత్తిముగం నుంచి అన్న రావాల్సి ఉందేమోనని ఒకరన్నారు. పాత ఓనరు మనసు మార్చుకుని వస్తాడని చూసి ఉంటాడని ఇంకొకరు. కాదు, కూలి బాకీ ఉన్నవాడెవడో అయి ఉంటాడని కండక్టరు. నాగేశప్ప మళ్లీ పాలు పొయ్యి మీద పెట్టాడు. చర్చ నిమిషాల్లో ఊపందుకుంది.

హనుమంతయ్య మాత్రం మూలనున్న గొడుగు తీసుకుని, మెట్లు దిగి, బెంగుళూరు రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.