సైలెన్సర్ మూతికి రెండు పిడికెళ్ల చింతపండు

పొద్దున్నే వాకిట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాను. బాబాయి ఖాళీ గిన్నె తెచ్చి నా ముందు చాపాడు. ఒక పిడికెడు వేశాను. ఆయన కదల్లేదు. ఇంకో పిడికెడు వేశాను. చారుకు కాదు, పచ్చడికీ కాదు. కారు సైలెన్సర్ మూతికి!

పాఠకులారా, మీ కారుకు రంగు వేయిస్తున్నప్పుడు సైలెన్సర్ మూతి మీద పెయింటు తుంపర్లు పడ్డాయా? బాధపడకండి. అదృష్టవంతులు మీరు. తుంపర్లు పడనివాళ్లకు ఉన్నది కారు మాత్రమే. మీకు ఒక జీవితాశయం దొరికింది.

మా ఊరు బస్తర్‌లోని ఉసూరుకు దగ్గరే, నడిచేవాళ్లకు తప్ప. మా బాబాయి బాబూరావు మొన్న చలికాలంలో ఒక పాత కారు కొన్నాడు. ఆ రోజే మా అమ్మ బుల్లమ్మకు మాటిచ్చాడు.

"వదినా, ఇగ నువ్వు గంప నెత్తికెత్తుడు బంద్. నీ చింతపండు గాడీల పోతది. నువ్వు ముందు సీట్ల కూసుంటవు."

మెడనొప్పితోనే వారపు బజారుకు నడిచి వెళ్లే మనిషి మా అమ్మ. ముందు సీటు అన్న మాట విన్న ఆనందంలో ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. మేం కిమ్మనకుండా తిన్నాం.

అయితే వదినను ఎక్కించుకునే కారు మాసిపోయి ఉంటే ఎలా? పెయింటర్ లచ్చును పిలిపించారు. రంగు తగలకూడని చోట పాత న్యూస్ పేపర్ అంటించాలట. మా ఊరికి కొత్త పేపరే రాదు, పాతది ఎక్కడి నుంచి వస్తుంది? లచ్చు ఆలోచించి, మోదుగాకులతో కుట్టిన విస్తరి ఒకటి తెచ్చి సైలెన్సర్ మూతికి దారంతో కట్టాడు. స్ప్రే గాలి తగలగానే విస్తరి లేచి వెళ్లి కోడి మీద పడింది. మూతి నిండా తెల్లటి చుక్కలు. జావ తాగి మూతి తుడుచుకోని పసిపిల్లలా తయారైంది మా కారు.

"పెండ్లిళ్లల్ల గూడ విస్తరి గిట్లనే ఎగుర్తది గదా అన్నా" అన్నాడు లచ్చు. "జర నీళ్లు చల్లితే ఆగుతుండె."

"నీళ్లు చల్లితే రంగు ఆగుతదారా?" అన్నాడు బాబాయి.

"గది సోంచాయించలే."

బాబాయి అప్పుడే తీర్మానం ప్రకటించాడు. బండి స్టార్ట్ చేస్తే గొట్టం వేడెక్కుతుంది, పెయింటు ఉడికి అతుక్కుపోతుంది. కాబట్టి చుక్కలు పోయేదాకా స్టార్ట్ చేయడం లేదు. కారు ఆ రోజు నుంచి వాకిట్లోనే ఉంది.

దీనివల్ల ఎన్ని లాభాలో చూడండి. పెట్రోల్ ఖర్చు లేదు. నిలబడి ఉన్న కారుకు యాక్సిడెంట్ అయిందని ఎక్కడైనా విన్నారా? ఇక పర్యావరణం సంగతి. ఈ బస్తర్ మొత్తంలో మా కారంత శుభ్రమైన పొగ వదిలే కారు లేదు. అసలు వదలదు కదా!

ఐకమత్యం మాటేమిటి? పంచాయతీ మీటింగ్‌కు రానివాళ్లు కూడా మా కారు వెనక బాసింపట్టు వేసుకుని కూర్చుంటున్నారు. గోండిలో ఒక ఉపాయం, హిందీలో ఒకటి, దోర్లీలో ఒకటి, తెలుగులో తిట్లు. పెయింటును కరిగించే థిన్నర్ దొరకాలంటే బీజాపూర్ పోవాలి. పోవాలంటే కారు స్టార్ట్ చేయాలి. అందుకని బట్టీలో మొదట దిగిన ఘాటు ఇప్పసారా వాడదామన్నాడు పక్కింటి హడ్మా మామ. గుడ్డ తడిసేంత గొట్టానికి పోశారు, మిగిలింది సలహాదారులకు. గొట్టం రంగు మారలేదు. సలహాదారుల రంగు మారింది.

"గట్టి రంగురా బాబూరావు. ఇంకో సీసా పట్టాలె" అన్నాడు హడ్మా మామ.

"గొట్టానికా, నీకా?"

"ముందు నేను చూస్త. మంచిగుంటే దానికి పోద్దాం."

అన్నిటికన్నా గొప్ప మేలు వేరే ఉంది. గిన్నె తోమమంటే నడుం పట్టేసే మా బాబాయి ఇప్పుడు పీచు, బూడిద, చింతపండు పట్టుకుని గంటలకొద్దీ గొంతుక్కూర్చుంటున్నాడు. సోదరీమణులారా, మీ ఇంటి గిన్నెల మీద కూడా కాస్త తెల్ల పెయింటు చల్లించి చూడండి.

ప్రతి బజారు రోజూ అమ్మ ఒకే మాట అడిగేది. "బాబూరావ్, ఈ బజారుకన్నా పోతదా గాడీ?"

"వచ్చే బజారుకు పక్కా వదినా."

మబ్బు పడితే చింతపండు నల్లబడుతుంది. నల్లబడితే బజారులో సరుకు కొనే సేటు గంపను కాలితో పక్కకు నెడతాడు. ఆ సంగతి అమ్మకు తెలుసు, అయినా ఆగింది. ముందు సీటు కోసం ఆగింది. ఈలోగా గంపలోది గిన్నెగిన్నెగా సైలెన్సర్‌కు పోతూనే ఉంది.

ఈ పొద్దున నేను వేసిన రెండు పిడికెళ్లతో ఆఖరి చుక్క కూడా పోయింది. మూతి తళతళ మెరిసింది. బాబాయి అందులో చూసుకుంటూ మీసం దువ్వుకున్నాడు. ఇవాళ బజారు. ఆకాశం నిండా మబ్బు. అమ్మ మంచి చీర కట్టుకుని వచ్చి, ముందు తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది.

బాబాయి కారును చూశాడు. రోడ్డును చూశాడు. మళ్లీ సైలెన్సర్‌ను చూశాడు.

"వదినా, తొవ్వంత బురద. ఇప్పుడే గదా తోమింది. గీ రోడ్డు మీద తీస్తే దీని మూతి ఏం గావాలె?"

అర్థమైంది కదా, పాఠకులారా? పెయింటు చుక్కలు ఉన్నన్నాళ్లూ మాకు 'వచ్చే బజారు' అనేది ఒకటి ఉండేది. ఇప్పుడు అదీ లేదు. మీ ఇంట్లో తెల్ల పెయింటు మిగిలి ఉంటే దయచేసి పంపండి. నేనే చల్లుతాను.

అమ్మ తలుపు మీది నుంచి చెయ్యి తీసింది. పాత గుడ్డను చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుంది. గంప ఎత్తడానికి సాయం పడదామని నేను లేచేసరికే ఎత్తేసుకుంది.

"పైలం వదినా" అన్నాడు బాబాయి, తువ్వాలుతో గొట్టానికి అడ్డం నిలబడి. "గంప తాకుతది."

అమ్మ కాస్త పక్కకు తప్పుకుని, తడిక తెరుచుకుని వెళ్లిపోయింది.