నూటికి నూరు కలిసిన మేఘం

ఆ ఉదయం మేఘాలావిడ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా లెక్క నడిపించడం, మధ్యాహ్నానికి ఓటమి ఒప్పుకోవడం, సాయంత్రం ఇంకో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవడం. పరిశోధనశాలలో ఆవిడ పని వేడివేడి మహా నక్షత్రాల చుట్టూ ఉండే వాయుమేఘాలకు కంప్యూటర్లో నమూనా, అంటే మోడల్, తయారుచేయడం; ఆ పేరు అలా వచ్చిందే. నక్షత్రపు కిరణాలు తగిలితే వాయువులోని ఎలక్ట్రాన్లు ఊడిపోయి మేఘం వెలుగుతుంది. ఆ వెలుగు ఎంత దూరం పాకుతుందో లెక్కగట్టి కంప్యూటర్ ఒక బొమ్మ గీస్తుంది. అది టెలిస్కోపు తీసిన ఫొటోతో నూటికి ఎనభై పాళ్లు కలిస్తే ఆవిడ కాంట్రాక్టు పొడిగిస్తారు. ఏడు నెలలుగా అరవై ఒకటి దాటలేదు. గడువు రేపటితో సరి.

"ఇవాళైనా ఎనభై వస్తుందంటావా?" అన్నాడు భర్త చెప్పులేసుకుంటూ.

"నన్నడిగితే ఏం లాభం? ఆ మేఘాన్ని అడగండి."

ఏడు నెలల్లో ఆవిడ నక్షత్రం వేడి పెంచింది, తగ్గించింది, ధూళి కలిపింది, తీసేసింది. ఇక విసుగొచ్చి, కిందటేడు ప్రయత్నించి వదిలేసిన అంకెలే మళ్లీ పెట్టి టీ తాగడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి తెరమీద వంద అని ఉంది.

వంద ఎవరికీ రాదు. సంతోషించాల్సింది పోయి ఆవిడ ఎక్కడో తప్పు దొర్లిందని చెప్పడానికి డైరెక్టర్ గదికి పరుగెత్తింది.

"సార్, వంద వచ్చింది. నాకెందుకో అనుమానంగా..."

"వినయం మంచిదేనమ్మా, కానీ మరీ ఇంత అక్కర్లేదు," అంటూ ఆయన అప్పటికే ఫోన్ అందుకున్నాడు.

అరగంటలో వార్త నోటీసు బోర్డెక్కింది. గంట తిరిగేసరికి ఆ వంద కాస్తా 'వందకు పైగా' అయింది. మూడింటికి పై ఆఫీసు నుంచి పరిశీలకుడే స్వయంగా వస్తున్నాడన్నారు. ఈలోగా టెలిస్కోపు విభాగం పెద్దాయన ఈ ఘనతలో తన వాటా అడగడానికి వచ్చాడు.

"మోడల్‌దేముందమ్మా, ఫొటో అంత బాగా కుదిరింది కాబట్టే కలిసింది."

అప్పుడు ఆవిడ ఆ ఫొటోను మొదటిసారి తీరుబడిగా చూసింది. కుడివైపు పైమూల మేఘం కత్తెరతో కోసినట్టు తిన్నగా ఆగిపోయింది. కిందటేడు ఈ అంకెలతోనే గీయించిన బొమ్మలో, కంప్యూటర్ మెమరీ చాలక ఆ మూల కోసేసింది తనే.

"సార్, ఇది నేను కిందటేడు గీయించిన బొమ్మలా ఉంది. ఈ ఫొటో ఎప్పుడు తీశారు?"

పెద్దాయన తలుపు దగ్గరగా వేశాడు. "టెలిస్కోపు అద్దం రిపేరుకెళ్లి ఏడాదిన్నర అయిందమ్మా. ఫొటో ఫొటో అని అందరూ నా ప్రాణం తీస్తుంటే, ఆఫీసు ఫోల్డర్లో ఒకటి బాగున్నది కనిపించింది, పంపేశాను. అది నువ్వు గీయించిందని నాకేం తెలుసు?"

అంటే ఏడు నెలలుగా ఆవిడ తన పాత బొమ్మతో తానే కుస్తీ పడుతోందన్నమాట. ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి.

మూడింటికి, ఉద్యోగం పోతే పోయిందని, పరిశీలకుడి ముందు ఉన్నదున్నట్టు చెప్పేసింది. డైరెక్టర్ బల్లమీది నివేదికను సొరుగులోకి తోశాడు. పరిశీలకుడు మాత్రం కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"మాకు పంపిన ఫొటో కూడా ఇదేనా?"

"ఇదేనండీ," అన్నాడు టెలిస్కోపు పెద్దాయన నేలచూపులు చూస్తూ.

"నా మోడల్ దీంతో తొంభై రెండు కలిసింది. అది చూసే నాకు ఈ పదవిచ్చారు." ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "ఈ ఫొటో తప్పంటే మనం నలుగురం ఎక్కడుంటామో కాస్త ఆలోచించండి."

ఆలోచించారు. ఫొటో తప్పు కాదని పది నిమిషాల్లో తేలింది. అంత మంచి ఫొటో తీయగల మనిషిని మోడలింగ్‌లో ఉంచడమే తప్పట. ఆవిడను టెలిస్కోపు విభాగానికి మారుస్తూ అక్కడికక్కడే కాగితం రాసిచ్చారు. కాదనడానికి ఆవిడ నోరు తెరిచింది కానీ, కాగితం మీద 'శాశ్వత ఉద్యోగం' అన్న మాట కనబడి మూసుకుంది. అందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

భర్త గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "ఏమైంది?"

"పర్మనెంట్ చేశారు."

"హమ్మయ్య. ఇక ఉద్యోగానికి భయం లేనట్టేగా?"

"లేదండీ. టెలిస్కోపు బాగుపడనంతకాలం ఢోకా లేదు."