ఒక నొక్కు, ఒక చెంచా

ఆ పిల్లతల్లికి లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: బుడ్డదానికి జ్వరం వచ్చిన వేళ అడగడానికి మనిషి దొరక్కపోవడం. వీధి చివర టైర్లు తగలబడ్డప్పుడు కిటికీ మూసుకుని తన పని తను చేసుకుంది. మెట్ల కింద బూట్ల చప్పుడు వినిపిస్తే కుళాయి కట్టేసి ఊరుకుంది. జ్వరం మాట తలుచుకుంటే మాత్రం చేస్తున్న పని వదిలేసి పిల్ల నుదురు తడిమి చూసుకునేది. కిందటి చలికాలంలో బుడ్డదానికి ఒళ్ళు కాలిపోయి ఫిట్స్ వచ్చాయి. కళ్ళు తేలేసిన పిల్లని ఒళ్ళో వేసుకుని ఆమె ఏడుస్తుంటే, ఫోనులోంచి ఒక గొంతు తాపీగా, "పక్కకి తిప్పి పడుకోబెట్టు తల్లీ. నోట్లో ఏమీ పెట్టకు. ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని, ముందు నాతో మాట్లాడు," అంది. ఆ గొంతు నర్సత్తది.

నర్సత్త నిజానికి ఎవరికీ అత్త కాదు. పెద్దాస్పత్రిలో పిల్లల వార్డులో పనిచేసి రిటైరైన మనిషి. రెండు మలుపుల అవతల ఒంటరిగా ఉంటుంది. పేటలోని తల్లుల కోసం ఫోనులో ఒక పేజీ తెరిచింది. పొద్దున లేవగానే అందులో నాలుగు మాటలు రాస్తుంది, ఎవరేం అడిగినా విసుక్కోకుండా జవాబిస్తుంది. చదువు మధ్యలో ఆపేసి పెళ్ళిపీటలెక్కిన ఈ పిల్లతల్లికి ఆ పేజీయే బడి, ఆస్పత్రి, పుట్టిల్లు.

బస్సు చార్జీల దగ్గర మొదలైన గొడవ కర్ఫ్యూ దాకా వచ్చాక ప్రభుత్వం ముందు మామూలు కాల్స్ ఆపేసింది. తర్వాత నెట్ వేగం తగ్గించింది. ఆ రెండో దెబ్బ నేరుగా బుడ్డదాని పళ్ళెంలో పడింది. బుడ్డది ఫోనులో పాటలు చూస్తేనే జావ తాగుతుంది. నెట్ నత్తనడక పట్టాక తెరమీద చక్రం తిరుగుతుందే తప్ప పాట రాదు, పాట రానిదే నోరు తెరుచుకోదు. కాకిని చూపించింది, పిల్లిని చూపించింది, చివరికి కిటికీలోంచి పోలీసుల జీపు చూపించింది. బుడ్డది పెదాలు బిగించి, సంతకం పెట్టనన్న సాక్షిలా కూర్చుంది.

ఇంట్లో నెట్ బాగా వచ్చే ఫోను ఇంకొకటి ఉంది. అది మొగుడి ఆఫీసుది. టైపు పని చేసుకునే ఆయన్ని గొడవలు మొదలయ్యాక సందేశాల పరిశీలన కేంద్రం అనే కొత్త ఆఫీసులో వేశారు. కర్ఫ్యూ కాబట్టి ఎవరింట్లో వాళ్ళే పనిచేయాలని తలా ఒక ఫోను ఇచ్చారు. జనం రాసే ప్రతి మాటా ముందు ఆ ఫోన్లలోకి వస్తుంది. పచ్చ బొత్తాం నొక్కితే ఊళ్ళోకి వెళ్తుంది, ఎర్ర బొత్తాం నొక్కితే మాయమవుతుంది. ఒకే మనిషి మాటలు మళ్ళీ మళ్ళీ ఎర్రబడితే ఆ మనిషి ఖాతా దానంతటదే మూసుకుపోతుంది, పక్కనే పోలీసు ఎవరైనా ఉంటే ఆ మనిషిని తీసుకురమ్మని కబురు కూడా వెళ్తుంది. ఏ పేట మాటలు ఆ పేటవాడికే పంపేవారు. ఎవరి మనసులో ఏముందో ఇరుగుపొరుగుకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని పైవాళ్ళ నమ్మకం. ఈ సంగతులేవీ ఇంట్లో చెప్పకూడదని మాట తీసుకున్నారు కనుక, పెళ్ళాం అడిగితే ఆయన "ఏదో కంప్యూటరు పనిలే" అని ఊరుకునేవాడు.

ఆయన మెతక మనిషి. ఎవరి మాట చూసినా నిజమే కదా అనిపించి పచ్చ నొక్కేవాడు. పై అధికారికి అది నచ్చలేదు. సిబ్బంది చాటుగా కత్తెర సారు అని పిలుచుకునే ఆ అధికారి, "ఏమయ్యా, నీ పేటలో అందరూ మహాత్ములేనా? ఇలాగే ఉంటే నీ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు," అని రెండుసార్లు హెచ్చరించాడు. పాపం ఆయన తెల్లారేదాకా డ్యూటీ చేసి, ఫోను మూస్తే మళ్ళీ తెరవడానికి ముఖం చూపించి సంకేతాలన్నీ కొట్టే ఓపిక లేక, తెరిచిన పేజీతోనే దిండు పక్కన పెట్టి నిద్రపోయేవాడు.

ఆ పొద్దున పిల్లతల్లి అనుకున్నది చాలా చిన్న పని. ఆయన లేచేలోగా బుడ్డదానికి నాలుగు చెంచాల జావ పట్టించాలి, తర్వాత చిగుళ్ళ వాపు సంగతి నర్సత్తని అడగాలి. పాటేమైనా వస్తుందేమోనని దిండు పక్కన ఫోను తీసింది. పాట లేదు. ఏవో రాతలు, కింద రెండు బొత్తాలు. బుడ్డది ఎర్రదాన్ని నొక్కింది. 'టింగ్' మంది. బుడ్డది బోసినోరు తెరిచి నవ్వింది. తెరిచిన నోట్లో తల్లి చెంచా పెట్టేసింది.

ఆ రోజు నుంచి అదే పద్ధతి. ఒక నొక్కు, ఒక చెంచా. నొక్కనిదే నోరు తెరవదు, చెంచా దిగనిదే ఇంకోటి నొక్కదు. పచ్చ బొత్తాం చప్పుడు చేయదు గనక బుడ్డది దాని మొహం చూడలేదు. రాతల్లో ఏముందో తల్లి చదవలేదు. తినిపించే తల్లి కళ్ళు పిల్ల నోటి మీద ఉంటాయి గానీ ఫోను మీద ఉండవు. గిన్నె ఖాళీ అయ్యాక ఫోనుని కొంగుతో తుడిచి, జావ మరకలు లేకుండా దిండు పక్కన పెట్టేసేది. బుడ్డది కొంచెం ఒళ్ళు చేసింది కూడా.

అటు ఆఫీసులో ఆయన పేరు మారుమోగింది. ఊరు మొత్తం మీద ఎర్ర బొత్తాలు ఎక్కువ పడ్డది ఆయన ఫోనులోనే. అదీ పొద్దుటిపూట, జనం నిద్ర లేచి నోరు విప్పే వేళ. "దొంగ నిద్ర లేవకముందే పట్టేస్తున్నావయ్యా," అన్నాడు కత్తెర సారు. ఆయనకి తను అంత పని చేసిన గుర్తు లేదు. అయినా తిట్టు వస్తే ఎందుకని అడుగుతాం గానీ, మెప్పు వస్తే ఎవరం అడుగుతాం? నిద్రమత్తులో చేసి ఉంటానని సరిపెట్టుకున్నాడు.

పొద్దుటిపూట నోరు విప్పేవాళ్ళలో మొట్టమొదటి మనిషి నర్సత్త అన్నది ఎవరికీ తట్టలేదు. పిల్లలకి నీళ్ళు కాచి పట్టించండి అని ఆవిడ రాస్తే, టింగ్. పళ్ళొచ్చేటప్పుడు చల్లటి గుడ్డ కొరకనివ్వండి అని రాస్తే, టింగ్. చిగుళ్ళ గురించి అడుగుతూ పిల్లతల్లి తన ఫోనులో రాసిన ప్రశ్న కూడా బుడ్డదాని చేతికే వచ్చింది. ఎవరి చిగుళ్ళ గురించి అడిగారో ఆవిడే స్వయంగా దాన్ని తీసేసి ఒక చెంచా జావ తాగింది.

జవాబు రాకపోతే నెట్ నెమ్మదని పిల్లతల్లి కొన్నాళ్ళు ఓపిక పట్టింది. ఒకనాడు ఉదయం బుడ్డది జావ వద్దంది, ఫోను కూడా వద్దంది. నుదురు వెచ్చగా తగిలింది. తల్లి గబగబా తన ఫోనులో నర్సత్త పేజీ తెరిస్తే అక్కడ మనిషి బొమ్మ లేదు. 'ప్రజాశాంతికి భంగం కలిగిస్తున్నందున ఈ ఖాతా మూసివేయబడినది' అని మాత్రం ఉంది.

ఆమె మొగుణ్ణి కుదిపి లేపింది. "ఏమండీ, నర్సత్తని మూసేశారు."

"ఎవరు మూశారే?"

"మీ ప్రభుత్వం. బుడ్డదానికి ఒళ్ళు కాలుతోంది. ఇప్పుడు నేనెవర్ని అడగాలి?"

చెప్పకూడదన్న మాట పక్కన పెట్టి ఆయన ఆఫీసు ఫోను అందుకున్నాడు. మూసినవాడెవడో అందులో కనిపిస్తుంది. కనిపించింది. ఆయన ఆ పేరు చదివి, కళ్ళు నులుముకుని, మళ్ళీ చదివాడు. అది ఆయన పేరే.

"నేను కాదే," అన్నాడు నీరసంగా. "నేను పొద్దున నిద్రపోతుంటాను కదా. ఈ ఎర్రది నొక్కింది ఎవరు?"

"ఏది, ఆ టింగుమనేదా?" అంది పిల్లతల్లి. అని, తను అన్న మాట తనకే వినిపించి, చేతిలో గిన్నె కింద పెట్టేసింది. ఆయన ఆ బొత్తాం చేసే పనేమిటో చెప్పాడు. ఆమె గిన్నె వంక, బుడ్డదాని వంక చూసింది. "అంటే మనం పేటంతా నోరు మూయించి దీని నోరు తెరిపించామా?" అంది.

తడిగుడ్డ వేస్తే బుడ్డది కాస్త కుదుటపడి, ఆకలేసి గిన్నె వైపు చెయ్యి చాపింది. కానీ పొరపాటని ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది, ఒప్పుకోకపోతే నర్సత్త తిరిగి రాదు. ఆయన తటపటాయిస్తుంటే పెళ్ళాం, "జ్వరం మళ్ళీ ఎక్కితే మీ ఉద్యోగాన్ని అడగమంటారా ఏం చెయ్యాలో?" అంది. ఆయన ఆ ఫోనులోంచే కత్తెర సారుకి కాల్ చేసి, తన పేరుమీద పడ్డ ఎర్ర బొత్తాలన్నీ పొరపాటున పడ్డాయని ఒప్పుకున్నాడు. అవతలి మనిషి ఒప్పుకోలేదు. పొరపాటు ఎలా అవుతుంది, నిన్ననే నీకు ప్రశంస రాశాం, ప్రశంస రాశాక పొరపాటు జరగదు అన్నాడు. పైగా ఆయన పనిచేసే తీరు మిగతావాళ్ళకి చూపించడానికి తనే స్వయంగా వస్తున్నానన్నాడు.

కాసేపటికే జీపు దిగి వచ్చాడు. కానిస్టేబుల్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కత్తెర సారు గదంతా కలయచూసి, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని, "ఏదీ, నీ కిటుకు చూపించు," అన్నాడు.

"సార్, చేసింది నేను కాదు. మా పాప."

"ఇంత వినయం పనికిరాదయ్యా," అని సారు నవ్వి, కుర్చీలోంచే ఒక ఫొటో తీసుకుని తన ఖాతాలో పెట్టాడు. ఈ పేటలో అంతా ప్రశాంతం, ప్రజలు ఆనందంగా ఉన్నారు అని కింద రాశాడు. పేటలో కూర్చుని రాసిన మాట పేట ఫోనులోకే వస్తుంది. ఆ ఫోను బల్ల మీద ఉంది. బల్ల పక్కనే తల్లి ఒళ్ళో బుడ్డది ఉంది. టింగ్. బుడ్డది నోరు తెరిచింది. అలవాటు కొద్దీ తల్లి చెంచా పెట్టింది.

సారు తన ఫోను చూసుకుని, పోస్టు పోలేదనుకుని మళ్ళీ పెట్టాడు. టింగ్. ఇంకో చెంచా. మొగుడు ఫోను లాక్కోబోయాడు గానీ, పెళ్ళాం కళ్ళతోనే ఆగమంది. జ్వరం పిల్ల ఇప్పుడిప్పుడే తింటోంది మరి. ఈసారి సారు పెద్దక్షరాలతో పెట్టాడు. బుడ్డదానికి అక్షరాల్లో పెద్దా చిన్నా లేదు. ఆ మూడో టింగుతో సారు ఖాతా దానంతటదే మూసుకుపోయింది.

గుమ్మం దగ్గర కానిస్టేబుల్ ఫోను మోగింది. అతను చదువుకుని, టోపీ సర్దుకుని, లోపలికి వచ్చి నేల చూస్తూ నిలబడ్డాడు. "సార్, ప్రజాశాంతికి భంగం కలిగించే మనిషి ఒకడు ఈ ఇంట్లో ఉన్నాడట. తీసుకురమ్మంటున్నారు."

"ఎవడు వాడు?"

"మీరే సార్. ఫొటో కూడా పంపారు. ఈ కుర్చీయే."

తాను తవ్విన గోతి లోతు సారుకి తెలుసు. మూసిన ఖాతాని ఎవరూ తెరవడానికి వీల్లేదని నిబంధన రాసింది ఆయనే. జీపు వచ్చిన దారినే వెళ్ళింది, కాకపోతే ఈసారి సారు వెనక సీట్లో కూర్చున్నాడు. నిబంధన మార్చడానికి నెలలు పడుతుందని అంతకుముందు ఎందరికో చెప్పిన ఆఫీసు ఆ సాయంత్రానికే మార్చేసింది. ఆ ఫోను తీసేసిన మాటలన్నీ సాంకేతిక లోపం వల్ల పోయాయని చెప్పి, అన్నిటినీ తిరిగి పెట్టారు. మొగుణ్ణి ఏమీ అనలేదు. ఏమైనా అంటే, ఊరి నోటికి ఇన్నాళ్ళూ పళ్ళు రాని పిల్ల కాపలా కాసిందని కాగితం మీద రాయాల్సి వస్తుంది. ఫోను మాత్రం పట్టుకుపోయారు.

మర్నాటికి బుడ్డదాని ఒళ్ళు చల్లబడింది, చిగురు మీద తెల్లగా పన్ను మెరిసింది. నర్సత్త పేజీ తెరుచుకుంది. తల్లుల ప్రశ్నలన్నీ వరసగా బయటపడ్డాయి. జవాబు మాత్రం ఒక్కటీ లేదు. భయపడి ఊరుకుందేమోనని ఒకావిడ రాసింది. తీసుకెళ్ళి ఉంటారని ఇంకొకావిడ రాసింది. ఇప్పుడు మనం ఏమీ రాయకపోవడమే ఆవిడకి మంచిదని అందరూ కలిసి తేల్చుకున్నారు.

కర్ఫ్యూ సడలించిన వేళ పిల్లతల్లి బుడ్డదాన్ని చంకనేసుకుని, జావ గిన్నె సంచిలో పెట్టుకుని, రెండు మలుపులూ నడిచింది. తలుపు తట్టగా తట్టగా తెరుచుకుంది. నర్సత్త గోడ పట్టుకుని నిలబడి ఉంది. పాత ఉన్ని స్వెటర్ మెడదాకా బిగించుకుంది. కళ్ళు గుంటలు పడ్డాయి. చెయ్యి పట్టుకుంటే కాలింది.

"ఎన్నాళ్ళ నుంచి అత్తా?"

"ఏమో తల్లీ. ఫోనులో ఎవరూ ఏమీ అడగట్లేదు. పోనీలే, పిల్లలందరూ బాగున్నారు గాబోలనుకున్నా."

పిల్లతల్లి ఆవిడని పడుకోబెట్టి, నీళ్ళు కాచి, నుదుటి మీద తడిగుడ్డ వేసింది. ఎవర్నీ అడగాల్సిన పని పడలేదు. అన్నీ ఆవిడ చెప్పినవే. జావ పడదని నర్సత్త మొహం తిప్పుకుంది. బుడ్డది మంచం మీదికి పాకి, స్వెటర్‌కున్న ఎర్ర బొత్తాం చూసి, వేలితో గట్టిగా నొక్కి, ఆవిడ నోటివైపే చూస్తూ కూర్చుంది. ఎంతసేపటికీ చూపు తిప్పలేదు. నర్సత్త ఓడిపోయి నోరు తెరిచింది. పిల్లతల్లి చెంచా పెట్టింది.

ఆవిడ గొంతు ప్రభుత్వం నొక్కిందేమోనని పేటంతా అనుకుంది గానీ, జ్వరం వచ్చిందేమోనని ఒక్కరూ అనుకోలేదు. మీకు తెలిసినవాళ్ళలో రోజూ మాట్లాడే మనిషెవరైనా ఈమధ్య వినపడకపోతే, ఇది చదివాక ఫోను పక్కన పెట్టి, వెళ్ళి ఒకసారి తలుపు తట్టి చూడండి. మూసింది ఎవరో తలుపు తీస్తే గానీ తెలియదు.