వెర్లిన్ చెమట

అమెరికాలోని కాన్సస్‌లో గోధుమ కోతలంటే జూన్ ఎండలో పది రోజుల నరకం. వెర్లిన్ డర్క్‌సెన్ ఆ నరకాన్ని తన పాత కోత మిషను క్యాబిన్‌లో కూర్చుని అనుభవిస్తాడు, భార్య నెట్టా గోధుమల లారీలో కూర్చుని అనుభవిస్తుంది. లారీకి ఏసీ పుట్టుకతోనే లేదు. మిషనుకి ఉండేది, చచ్చి ఇరవై రెండేళ్లయింది.

బాగు చేయించమని నెట్టా అడిగినప్పుడల్లా వెర్లిన్ ధాన్యం గిడ్డంగి దగ్గర నలుగురినీ పోగేసి ఉపన్యాసం దంచేవాడు. చల్లగాలికి ఎముకలు మెత్తబడతాయని, వాళ్ల నాన్న నెత్తిన తడి తువ్వాలుతో ఈ పొలమంతా కోశాడని.

అరవై దాటాక ఆ ఎముకలే చల్లగాలి కోసం మొరపెట్టుకోసాగాయి. చిక్కల్లా ఒకటే. మిషను నడపడంలో నెట్టా అతనికన్నా నాలుగాకులు ఎక్కువే చదివింది. క్యాబిన్ చల్లబడిందని తెలిస్తే ఆ సీటు ఆవిడది, లారీ తనది. కాబట్టి పని గుట్టుగా జరగాలి.

మిషను జల్లెడలు కడుగుతున్నానని చెప్పి మే నెలంతా షెడ్డులో దూరాడు, తోడు మెకానిక్ లోయెల్. గాలి గొట్టం విప్పితే లోపల ఎలకలు మనవలతో, మునిమనవలతో కాపురముంటున్నాయి. వాటి పరుపుల్లో ఏనాడో పోయిన నెట్టా చేతి తొడుగు ఒకటి దొరికితే జేబులో వేసుకున్నాడు. ఏసీలో వాడే పాత గ్యాసు ఇప్పుడు రాదు. కొత్త గ్యాసుకి పాత నూనె పడదు. కొత్త నూనెకి పాత రబ్బరు రింగులు పడవు. ఇక కంప్రెసర్ బిగుసుకుపోయి దేనితోనూ పడకుండా కూర్చుంది.

"గ్యాసు మార్చమన్నావు. అన్నీ మార్చాక నీ పాత ఏసీలో మిగిలింది చల్లదనం పెంచే ఆ మీటేనయ్యా" అన్నాడు లోయెల్.

ఆ మీటే కొంప ముంచింది. కోతలు మొదలైన రోజు బయట ఫారెన్‌హీట్ లెక్కన నూట నాలుగు డిగ్రీల ఎండ. లోపల మీట ఆఖరి గీత దగ్గర ఇరుక్కుపోయింది. వెర్లిన్ ఉన్ని స్వెట్టర్ తొడుక్కుని పళ్లు టకటకలాడిస్తూ గోధుమలు కోశాడు. ఇంత సుఖం అతను జన్మలో ఎరగడు.

మధ్యాహ్నం నెట్టా తిండి తెచ్చి గడ్డి మీద పరిచింది. వెర్లిన్ స్వెట్టర్ సీటు వెనక కుక్కాడు, సీసాలో నీళ్లు సగం నెత్తిన గుమ్మరించుకున్నాడు, మూలుగుతూ తలుపు తీశాడు. వేడిగాలి తగలగానే కళ్లజోడు ఆవిరి కమ్మేసింది. గుడ్డిగా దిగుతూ ఆఖరి మెట్టు తప్పి, తిన్నగా చెర్రీపళ్ల కేకు మీద కూర్చున్నాడు.

నెట్టా అతని కళ్లజోడు తీసి తుడిచింది. మంచులా ఉంది. క్యాబిన్ అడుగునుంచి బొట్టుబొట్టుగా నీళ్లు కారుతున్నాయి. వేలు పెట్టి చూసింది. అవీ మంచులాగే ఉన్నాయి.

"ఈ నీళ్లేంటయ్యా?"

"చెమట" అన్నాడు వెర్లిన్ కంగారులో.

"క్యాబిన్ అడుగులోంచా?"

"ఇరవై రెండేళ్ల చెమట. ఎక్కడో ఒకచోట కారాలిగా."

నెట్టా నవ్వలేదు. అతని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "ఇంత చెమట, పైగా ఒళ్లు చల్లబడిపోయింది. వడదెబ్బ తగిలింది నీకు. ఇంక ఆ కొలిమిలో నిన్ను కూర్చోనివ్వను. లారీ ఎక్కు. దానికి కిటికీ అయినా ఉంది."

"నువ్వు ఉడికిపోతావే."

"మొగుడి కోసం ఆమాత్రం ఉడకలేనా?"

నిజం చెబితే సీటు పోతుంది, పరువూ పోతుంది. చెప్పకపోతే సీటు ఒక్కటే పోతుంది. వెర్లిన్ సీసా చంకన పెట్టుకుని లారీ ఎక్కాడు. కాలుతున్న సీటుకి చెర్రీ పాకంతో అతుక్కుపోయాడు. ఆ లారీ కిటికీ రెండంగుళాలు దిగి ఆగిపోతుందని అతనికి ఇన్నేళ్లకి తెలిసింది.

కాసేపటికి వైర్‌లెస్‌లో నెట్టా గొంతు వినిపించింది.

"సీటు వెనక స్వెట్టర్ దొరికింది, నాకు సరిగ్గా సరిపోయింది. జేబులో నా తొడుగు కూడా ఉంది. రెండోది ఎక్కడ పెట్టావు? ఒక చెయ్యి కొంకర్లు పోతోంది."

వెర్లిన్ చంకలోని సీసా తీశాడు. సీసాలో మిగిలిన నీళ్లు నెత్తిన గుమ్మరించుకున్నాడు. ఈసారి మూలుగు దానంతటదే వచ్చింది.