వెనక దీపం డొప్ప

ఆ శుక్రవారం పొద్దున నిషివాకి వేసుకున్న పథకం చాలా చిన్నది. అరవై ఏళ్ళనాటి పాత మోటార్ సైకిల్‌ని నాలుగేళ్ళుగా ఇంటి ముందు గదిలో కూడగట్టుకుంటున్నాడు. ఇక వెనక దీపం డొప్ప ఒక్కటే మిగిలింది. ఇత్తడి దిమ్మెను లేతు మీద తిప్పి దాన్నీ తనే చేశాడు. బెజ్జాలు వేయించి మెరుగు పెట్టిస్తే, ఆదివారం పాతబండ్ల వాళ్ళతో ఇకోమా కొండెక్కవచ్చు.

అసలు సంగతి వేరే ఉంది. ఆ డొప్పకు కొలత, పూజగూట్లో మామగారి ఫోటో ముందు చిన్న మెత్తమీదుండే గిన్నె గంట, పుల్లతో కొడితే మోగేది. ఆయన స్వయంగా పోత పోసింది. పెళ్ళినాడే ఆయన, "పిల్లనిచ్చాను. నా వస్తువులు మాత్రం ముట్టుకోకు" అన్నాడు. పోయి ఆరేళ్ళయినా నిషివాకికి ఆ గొంతంటే వణుకే. అయినా నిన్న సాయంత్రం గంటను బల్లమీదికి తెచ్చి, వెంట్రుకవాసి తేడా లేకుండా సరిచూసుకున్నాడు.

పొద్దున బల్లమీద రెండింట్లో ఒకటే కనిపించింది. గంటను రాత్రే గూట్లో పెట్టేశాననుకుని, ఉన్నది డొప్పేనని పేపర్లో చుట్టి గుమ్మంలో ఉంచాడు. బెజ్జాల ఉరబే సైకిల్‌పై వచ్చి పట్టుకుపోయాడు. చిన్న చిన్న కార్ఖానాల ఆ సందులో వస్తువు చేతులు మారుతూ తయారవుతుంది. ఇదేమిటి, ఎందుకు అని ఎవరూ అడగరు. అడగడం మర్యాద కాదు.

"ఏవండీ, పదకొండింటికి గురువుగారొస్తారు. నాన్న తద్దినం, గుర్తుందా?" అని వంటింట్లోంచి భార్య హత్సుయే కేకేసింది.

నిషివాకి గూట్లోకి చూశాడు. మెత్త ఉంది, గంట లేదు. బల్ల కింద వెతికాడు, అక్కడా లేదు. ఉరబే పట్టుకుపోయింది గంటనేనేమో! పిరికివాడికి రెండు దారులుంటే చెడ్డదే నిజమనిపిస్తుంది. భార్యనడిగితే ముట్టుకున్నట్టు ఒప్పుకోవాలి. చెప్పులేసుకుని పరుగెత్తాడు.

"మూడు బెజ్జాలూ వేసేశానన్నా. మెరుగుకి త్సుజి దగ్గరకెళ్ళింది" అన్నాడు ఉరబే.

"మూడూనా?"

"రెండు వేసి ఆపమన్నావా ఏంటి?"

త్సుజి అప్పటికే అంచు అరగదీసేశాడు, ఇక అది గంటో డొప్పో పోల్చుకునే వీల్లేదు. నిషివాకి అతని చెయ్యి పట్టుకున్నాడు. "తమ్ముడూ, ఆ బెజ్జాలు పూడ్చెయ్. ఎప్పుడూ లేనట్టుండాలి" అన్నాడు.

త్సుజి అతని మొహం చూశాడు, గోడ గడియారం చూశాడు, మంట వెలిగించాడు. వెండి కరిగించి పోస్తే అతుకు పడింది గాని అదంతా మసిబారింది. మసి గీకితే సొట్టలు తేలాయి. సొట్టలు సుత్తితో సరిచేస్తే మూతి వంకరపోయింది. ఒక్కో మరమ్మతుకీ నిషివాకి ప్రాణం కొంత పోతూ వచ్చింది. పదకొండుకు ఐదు నిమిషాలుందనగా దాన్ని చొక్కాలో దాచుకుని ఇల్లు చేరి, దొంగలా మెత్తమీద పెట్టి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు.

గురువుగారు వచ్చి, కళ్ళు మూసుకుని పుల్లతో కొట్టారు. టక్‌మంది. మళ్ళీ కొట్టారు. మళ్ళీ టక్‌మంది. నిషివాకి తలెత్తలేదు. మామగారు ఫోటోలోంచి తననే చూస్తున్నాడని అతనికి తెలుసు.

"ఉండండి గురువుగారూ" అంటూ హత్సుయే వంటింట్లోకెళ్ళి, తళతళలాడే గంటను తెచ్చి పెట్టింది. "తెల్లారి ఈయన బల్లమీదుంటే, తోమి ఆరబెట్టా."

"మరి ఇదేమిటమ్మా?" అన్నారాయన.

"అది మా ఆయన మోటార్ సైకిల్ వెనక దీపమండి. నాలుగు నెలలు కష్టపడి చేశాడు. ఇక్కడెందుకు పెట్టాడో ఆయన్నే అడగాలి."

నిషివాకి ఆ వంకరడొప్పను చేతిలోకి తీసుకున్నాడు. గంట బతికిందన్న సంతోషమూ, దీపం పోయిందన్న దుఃఖమూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

ఆదివారం పాతబండ్లన్నీ కొండెక్కాయి. దీపం లేని బండి రోడ్డెక్కకూడదు గనుక, నిషివాకి ఇంట్లోనే ఉండి మామగారికి గంట కొట్టాడు.