మేత యంత్రం దిగ్విజయం

మా ఆఫీసు చేపలకు ఇకపై మనుషులు మేత వెయ్యరని ప్రకటించడానికి యాజమాన్యం ఎంతో సంతోషించింది. రిసెప్షన్‌లోని గాజు తొట్టి అంచుకు అరచేతిలో పట్టేంత యంత్రం బిగించారు. దాని డబ్బా రోజుకు మూడు చుట్లు తిరుగుతుంది. చుట్టుకో చిటికెడు మేత రాలుతుంది. మేనేజరు రిబ్బను కత్తిరించారు. చేపలన్నీ హాజరయ్యాయి.

"మనిషికి మతిమరుపుంటుంది, జ్వరాలుంటాయి, మేనల్లుళ్ల పెళ్లిళ్లుంటాయి. యంత్రానికి మేనల్లుళ్లుండరు!" అని మేనేజరు ఉపన్యసించారు.

పదకొండేళ్లుగా మేత వేస్తున్న అటెండరు కూడా శ్రద్ధగా విన్నాడు. నెల రోజులు యంత్రం సవ్యంగా పనిచేస్తే అతని పోస్టు రద్దు.

"ఏం బాబాయ్, నీ ఉద్యోగానికి ఎసరు పెట్టినదాన్ని నువ్వే తుడుస్తున్నావా?" అంది రిసెప్షనిస్టు.

"అది తనంతట తను తుడుచుకోలేదు కదమ్మా!"

నాలుగో రోజుకే తొట్టి చెమ్మకు మేత ముద్దకట్టి, యంత్రం మూతి పూడుకుపోయింది. అటెండరు పరుగున వెళ్లి చెప్పాడు.

"తిరుగుతోందా?" అన్నారు మేనేజరు.

"తిరుగుతోంది సార్, కానీ మేత..."

"తిరుగుతోందా, లేదా?"

"తిరుగుతోంది సార్."

"మరింకేం? నీ ఏడుపు దేనికో నాకు తెలీదనుకున్నావా?"

అప్పుడు అటెండరు బొత్తిగా తెలివితక్కువ పని చేశాడు. చేపల ఆకలి చూడలేక, రోజూ జేబులోంచి గుట్టుగా మేత తీసి వేశాడు. చేపలు నిగనిగలాడాయి. 'యంత్రం రాకతో చేపల ఆరోగ్యం గణనీయంగా మెరుగుపడినది' అని నెలాఖరు నివేదిక తేల్చింది. అతన్ని ఆ సాయంత్రమే సగౌరవంగా పంపేశారు.

"మేత వేసింది నువ్వేనని చెప్పు బాబాయ్!" అంది రిసెప్షనిస్టు.

"చెబితే యంత్రాన్ని తీసెయ్యరమ్మా. దొంగమేత వేశానని నాకు మెమో ఇస్తారు. నువ్వన్నా రోజూ ఇంత వెయ్యి."

"అమ్మో, నా ఉద్యోగం?"

మేమంతా అదే అనుకున్నాం. కొన్ని వారాలకు చేపలు ఒక్కొక్కటే వెల్లకిలా తేలాయి. విచారణ కమిటీ నిష్పక్షపాతంగా పనిచేసింది. యంత్రం ఒక్క చుట్టు కూడా ఎగ్గొట్టలేదు. మేత అందలేదని చేపల నుంచి లిఖితపూర్వక ఫిర్యాదేదీ రాలేదు. మనిషి చేతికి అలవాటుపడ్డ చేపలు ఆధునికతకు సహకరించలేదని తేలింది.

యంత్రానికి ఉత్తమ సేవా పతకం తగిలించారు. వచ్చే నెల మా సెక్షనుకూ ఒక యంత్రం వస్తోందన్నారు. గ్రూపు ఫొటోకు పిలిస్తే అందరం వెళ్లాం. వెనక ఖాళీ తొట్టి బోసిగా ఉందని ఫొటోగ్రాఫరు గొణిగాడు. మేమే జరిగి, ఆ చివర నుంచి ఈ చివర దాకా గాజుకు ఆనుకుని నిలబడ్డాం.

"ఆఁ, ఇప్పుడు తొట్టి నిండుగా ఉంది," అన్నాడు.