కరిచాక రండి

ప్రతి వీధికీ ఒక ప్రమాదకరమైన కుక్క ఉండి తీరాలి! అలాంటి కుక్క లేని వీధుల వాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. వాళ్ల పిల్లలు ఎలా పెరుగుతున్నారో ఏమో!

మా వీధికి ఆ లోటు లేదు. ఎదురింటి కాంట్రాక్టర్ గారు దూడంత కుక్కను తెచ్చి గేటు దగ్గర కట్టారు. కట్టారంటే, మెడకు గొలుసు ఉంది. దాని రెండో కొస దేనికీ తగిలించలేదు, అంతే.

అది వచ్చాక జరిగిన మేలు అంతా ఇంతా కాదు. డాక్టరు ఎంత మొత్తుకున్నా నడవని మా ఆయన ఇప్పుడు పరుగెడుతున్నారు, చేతిలో టిఫిన్ డబ్బాతో సహా! సెలవు దొరికితే చాలు దిగబడే మా ఆడపడుచు ఫోన్‌లోనే క్షేమం కనుక్కుంటోంది. స్కూలు బస్సుకు కాళ్లీడ్చుకుంటూ వెళ్లే మా పాప, ఆ గేటు ముందు మాత్రం ఊపిరి బిగబట్టి మునివేళ్ల మీద నడుస్తోంది. అంత క్రమశిక్షణ ఏ టీచరు నేర్పగలదు?

నా సంగతి అడక్కండి. ఆ గేటు గడియ తుప్పు పట్టింది. తుప్పు పట్టాక విరక్క మానదు. విరిగితే కుక్క బయటికొస్తుంది. అక్కడి నుంచి ఆస్పత్రి మంచం దాకా మొత్తం, కూర తరుగుతూనే కళ్లారా చూసేస్తాను. నాకు ఇంత దూరపు చూపు ఉందని ఇన్నాళ్లూ తెలియనే లేదు!

అయినా కడుపున పుట్టిన పిల్ల కదా, మనసు ఊరుకోదు. వీధిలోని తల్లులమంతా కలిసి కోర్టులో కేసు వేశాం.

"అదేం చెయ్యదమ్మా, ఆడుకుంటుందంతే!" అన్నారు కాంట్రాక్టర్ గారు కోర్టు వరండాలో.

"ఎవరితో అన్నయ్యగారూ?"

"పిల్లలతోనే! పిల్లలంటే దానికెంత ఇష్టమో!"

ఆ ఇష్టమే కదా నా భయం!

కుక్క శుభ్రంగా స్నానం చేసి వచ్చింది. జడ్జి గారి ముందు బుద్ధిగా పడుకుంది.

"ఇప్పటిదాకా ఎవరినైనా కరిచిందా?" అని అడిగారు ఆయన.

"ఇంకా లేదండీ," అన్నాను.

అప్పుడే అది ఆవలించింది. ఆ పళ్లు చూసి కెవ్వుమని బెంచీ ఎక్కేశాను. "చూశారా, ఇక్కడ ఎవరు ఎవర్ని భయపెడుతున్నారో!" అన్నాడు అవతలి లాయరు. జడ్జి గారు నన్ను కూర్చోమని గట్టిగా మందలించారు. కుక్కను ఏమీ అనలేదు.

వాయిదా పడింది. బయటికొచ్చాక మా లాయరు గారు తల గోక్కున్నారు. "కేసులో బలం లేదమ్మా. అది ప్రమాదకరమని తేలాలంటే ఒక్క కాటైనా ఉండాలి. కరిచాక రండి, చిటికెలో తేల్చేద్దాం."

ఎంత ఓపికగల చట్టమండీ! తొందరపడి ఎవరినీ అనుమానించదు. నిండుగా ఒక అవకాశం ఇచ్చాకే మాట్లాడుతుంది. నా అంతంతమాత్రపు చదువుకే ఇది అర్థమైపోయింది.

తేలనిదల్లా ఆ సాక్ష్యం ఎవరి ఇంటి నుంచి రావాలన్నదే. ఆ సాయంత్రం మా గుమ్మంలో అందరం కూర్చున్నాం. ఎన్నడూ లేనిది, ఒకరి పిల్లల్ని ఒకరు తెగ మెచ్చుకున్నాం.

"మీవాడు భలే ధైర్యస్తుడు వదినా! పిక్కలు కూడా గట్టివి!"

"అయ్యో, గేటుకు దగ్గర మీ ఇల్లే కదమ్మా!"

మా పాప తలుపు చాటు నుంచి అంతా విన్నట్టుంది. మర్నాడు పొద్దున జడ వేస్తుంటే అడిగింది.

"అమ్మా, చెయ్యి సరిపోతుందా, కాలే కావాలా?"

చట్టం విషయం కదా, నోటికొచ్చింది చెప్పకూడదు. లాయరు గారిని అడిగి చెప్తానన్నాను.